హాలిఫాక్సా, సెయింట్ జాన్సా? కెనడా తూర్పు తీరానికి చదువుకి వచ్చేవాళ్లకి

ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి ఒకటే ప్రశ్న వేరే వేరే నంబర్ల నుంచి వస్తుంది నాకు. "అన్నా, డల్‌హౌసీలో సీటొచ్చింది, మెమోరియల్‌లో కూడా వచ్చింది, ఏది తీసుకోమంటావ్?" డల్‌హౌసీ యూనివర్సిటీ హాలిఫాక్స్‌లో ఉంది, మెమోరియల్ యూనివర్సిటీ సెయింట్ జాన్స్‌లో. మెమోరియల్‌లో మాస్టర్స్ చేసి, ఆ తర్వాత ఉద్యోగం కోసం హాలిఫాక్స్ వచ్చి పడ్డవాణ్ణి కాబట్టి రెండు ఊళ్ల ఉప్పుగాలీ తిన్నాను, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి ఇప్పుడు అంతా ఒకచోట రాస్తున్నా. ర్యాంకుల పట్టిక మాత్రం ఇందులో దొరకదు. ర్యాంకు చూసుకుని వచ్చినవాళ్లు కూడా ఫిబ్రవరి నెలలో ఫోన్ చేసి బాధపడేది ఊరి గురించే.

ముందు ఊళ్లు. రెండూ ప్రావిన్స్ రాజధానులే, హాలిఫాక్స్ నోవా స్కోషియాకి, సెయింట్ జాన్స్ న్యూఫౌండ్‌ల్యాండ్ అండ్ లాబ్రడార్‌కి. రెండూ రేవు పట్నాలు. విశాఖలో పెరిగిన నాకు రెండూ ఎక్కడో చూసిన ముఖాల్లాగే అనిపించాయి. హాలిఫాక్స్‌లో కెనడా నేవీ అట్లాంటిక్ నౌకాదళం ఉంటుంది, ఊరి నడిబొడ్డునే షిప్‌యార్డు, పక్కన కంటైనర్ పోర్టు, పొద్దున బస్సులో సగం మంది నేవీ యూనిఫాంలో కనిపిస్తే ఒక్కసారి సింధియా జంక్షన్ గుర్తొస్తుంది. సెయింట్ జాన్స్ హార్బర్ అయితే ఇంకా విచిత్రం. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి ఓడ సన్నటి దారిలో లోపలికి తిరగడం చూశారు కదా, ఇక్కడ సిగ్నల్ హిల్ కింద అచ్చం అదే తీరు, రెండు కొండల మధ్య ఇరుకు సందు, లోపల గిన్నెలాంటి హార్బర్. ఆ కొండ మీదే 1901 డిసెంబర్‌లో మార్కోనీ అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చిన మొదటి వైర్‌లెస్ సిగ్నల్ విన్నాడు.

పోలిక అక్కడితో సరి. 2021 జనాభా లెక్కల్లో హాలిఫాక్స్ 4 లక్షల 40 వేలు, సెయింట్ జాన్స్ చుట్టుపక్కల ఊళ్లు కలుపుకుని 2 లక్షల 12 వేలు. అంటే రెండోది మన విజయనగరం అంత ఊరు, అదీ ఒక దీవి కొసన. కారులో బయటికి వెళ్లాలంటే ముందు దాదాపు 900 కిలోమీటర్లు దీవి అడ్డంగా నడపాలి, ఆ పైన ఓ ఏడు గంటలు ఫెర్రీ, అప్పటికి నోవా స్కోషియా ఉత్తర కొస వస్తుంది. వాంకూవర్ కంటే లండన్ దగ్గర ఈ ఊరికి. ఈ సంగతి మ్యాపులో చూస్తే అర్థం కాదు, డిసెంబర్ సెలవులకి టొరంటోలో ఫ్రెండ్ దగ్గరికి వెళ్దామని టికెట్ ధర చూసినప్పుడు అర్థమవుతుంది.

డబ్బు సంగతి

మెమోరియల్ ఫీజు చాలా తక్కువ అని మీ సీనియర్లు ఎవరైనా చెప్పి ఉంటే, అది పాత కబురు. 1999 నుంచి రెండు దశాబ్దాల పైన అక్కడ ట్యూషన్ ఫీజు కట్టడి చేసి ఉంచారు, అందుకే కెనడా నలుమూలల నుంచీ జనం వచ్చేవాళ్లు. 2022లో కొత్తగా చేరేవాళ్లకి బాగా పెంచేశారు. అయినా డల్‌హౌసీతో పోలిస్తే ఇప్పటికీ తక్కువే. ముఖ్యంగా రీసెర్చ్‌తో చేసే మాస్టర్స్ అయితే ఫీజు తక్కువ, పైగా ప్రొఫెసర్ నుంచి నెలనెలా ఫండింగ్ వస్తుంది, ఆ రెండూ కలిస్తే ఇంటి నుంచి డబ్బు తెప్పించకుండా బతకొచ్చు. నేను అలాగే బతికాను, గొప్పగా కాదు కానీ అప్పు లేకుండా.

కోర్స్‌వర్క్ మాస్టర్స్ వేరే లెక్క. డల్‌లో, అంటే డల్‌హౌసీలో, మన పిల్లలు ఎక్కువగా చేరేది అప్లైడ్ కంప్యూటర్ సైన్స్, పక్కనే సెయింట్ మేరీస్‌లో కంప్యూటింగ్ అండ్ డేటా అనలిటిక్స్, మెమోరియల్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్ అప్లైడ్ సైన్స్. వీటికి ఫండింగ్ ఆశ పెట్టుకోకండి. మొత్తం మీదే ఖర్చు. అప్పుడు ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది, పార్ట్‌టైమ్ ఎక్కడ దొరుకుతుంది అన్నదే అసలు ప్రశ్న, ఆ లెక్కలో హాలిఫాక్స్ ముందుంటుంది.

అద్దెలు హాలిఫాక్స్‌లో ఎక్కువ. కోవిడ్ తర్వాత జనం ఒంటారియో నుంచి గుంపులుగా వచ్చి పడ్డారు, ఇళ్లు ఆ వేగంతో కట్టలేదు. నోవా స్కోషియాలో అద్దె ఏడాదికి 5 శాతం మించి పెంచకూడదన్న పరిమితి ఉంది, 2027 చివరి దాకా పొడిగించారు కూడా, అది చూసి సంబరపడకండి. దాంట్లో ఒక కన్నం ఉంది. ఏడాదికని గడువు రాసిన ఫిక్స్‌డ్ టర్మ్ లీజు మీద మిమ్మల్ని పెట్టుకుంటే, గడువు అయ్యాక మిమ్మల్ని పంపేసి వచ్చేవాళ్లకి ఎంత రేటైనా చెప్పొచ్చు. నా మొదటి ఇంటి ఓనర్ నాకు సరిగ్గా ఇదే చేశాడు, ఏడాదంతా పండగలకి నా చేతి గారెలు తిని మరీ. కాబట్టి లీజు సంతకం పెట్టే ముందు అది పీరియాడికా (గడువు అయినా దానంతటదే కొనసాగేది) ఫిక్స్‌డా అన్న ఒక్క ముక్క చదవండి. సెయింట్ జాన్స్‌లో యూనివర్సిటీ చుట్టుపక్కల బేస్‌మెంట్ గదులు ఇంకా కొంచెం అందుబాటులో ఉంటాయి, కాకపోతే హీటింగ్ కరెంట్ మీద నడిచే ఇళ్లు ఎక్కువ, అద్దెలో అది కలిసి ఉందో లేదో అడక్కపోతే జనవరి బిల్లు చూసి గుండె ఆగుతుంది.

బస్సుల్లో కూడా హాలిఫాక్సే మెరుగు. డల్, సెయింట్ మేరీస్ పిల్లలకి ఫీజుతోపాటే బస్ పాస్ వస్తుంది, దాంతో హార్బర్ అవతలి ఒడ్డున ఉన్న డార్ట్‌మత్ వెళ్లే ఫెర్రీ కూడా ఎక్కొచ్చు. 1752 నుంచి నడుస్తున్న ఫెర్రీ అది, సాయంత్రం పూట పని లేకపోయినా అటూ ఇటూ తిరగండి, డబ్బు ఖర్చు లేని కాలక్షేపం. సెయింట్ జాన్స్‌లో మెట్రోబస్ ఉంది, ఉందంటే ఉంది అంతే. రాత్రి పని దిగి మంచులో బస్ కోసం నిలబడ్డ అనుభవం ఒక్కసారి అయితే చాలు, మర్నాడే నలుగురు కలిసి పాత కారు కొనడానికి బయల్దేరతారు.

వైద్యం దగ్గర మాత్రం న్యూఫౌండ్‌ల్యాండ్‌ది పైచేయి. ఏడాదికి మించిన చదువుకి వచ్చిన విదేశీ విద్యార్థికి అక్కడ ప్రావిన్స్ హెల్త్ కార్డ్ ఇస్తారు. నోవా స్కోషియాలో పదమూడో నెల నుంచే వర్తిస్తుంది, అప్పటిదాకా యూనివర్సిటీ ఇన్సూరెన్స్‌తో నెట్టుకురావాలి. ఫ్యామిలీ డాక్టర్ కోసం లైను రెండు చోట్లా ఉంది, ఆ విషయంలో ఎవరూ గొప్ప కాదు.

వాతావరణం: ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తా

సెయింట్ జాన్స్ వాతావరణం మనిషిని పరీక్షిస్తుంది. కెనడా పెద్ద ఊళ్లలో మంచు, గాలి, పొగమంచు మూడింట్లోనూ ముందు వరసలో ఉండే ఊరు. చలి మరీ ఘోరం కాదు, విన్నిపెగ్‌లో మైనస్ ముప్పై ఉన్న రోజు ఇక్కడ మైనస్ ఐదే ఉండొచ్చు. మనిషిని తినేసేది గాలి, తడి. అక్కడివాళ్లు "ఆర్‌డీఎఫ్" అంటారు, రెయిన్, డ్రిజిల్, ఫాగ్ అని, వాతావరణ సూచన అడిగితే ఆ మూడక్షరాలతో సరిపెడతారు. జూన్ నెలలో కూడా జాకెట్ తీయలేని వారాలు ఉంటాయి, ఆ రోజుల్లో ఇంట్లోవాళ్లు వీడియో కాల్‌లో రోహిణి ఎండలు చూపిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

2020 జనవరి 17న నేను అక్కడే ఉన్నా. ఒక్క రోజులో ఎయిర్‌పోర్టు దగ్గర 76 సెంటీమీటర్ల మంచు, పైన గాలి. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా తెల్ల గోడ, తలుపు అచ్చు దాని మీద పడి ఉంది. ఎనిమిది రోజులు ఎమర్జెన్సీ, కొట్లు మూత, తర్వాత కొన్ని గంటలపాటు తెరుస్తామంటే ఊరంతా క్యూ. మా ఇంట్లో ముగ్గురం తెలుగువాళ్లం, పది కిలోల బియ్యం, ఆవకాయ, కందిపొడి ఉన్నాయి, రాజులా గడిచింది. పై ఇంట్లో ముసలాయనకి బ్రెడ్ అయిపోతే పప్పన్నం పంపాం, ఆయన ఆ తర్వాత వారం మా మెట్ల మీద మంచు మొత్తం తవ్వి పెట్టాడు. హుద్‌హుద్ తర్వాత విశాఖలో వీధివాళ్లంతా ఒకే పొయ్యి మీద వండుకున్న రోజులు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

హాలిఫాక్స్‌లో మంచు తక్కువే, దానికి వేరే తెగులు. మంచు పడుతుంది, మధ్యాహ్నానికి వాన అవుతుంది, రాత్రికి గడ్డ కడుతుంది. ఫుట్‌పాత్ అద్దంలా ఉంటుంది. బూట్లకి తొడిగే ఇనుప పళ్లు కొనుక్కోండి, సిగ్గు పడొద్దు. సెప్టెంబర్‌లో హరికేన్ తాకిడి కూడా ఉంటుంది, 2003లో హువాన్, 2022లో ఫియోనా. ఫియోనా అప్పుడు మా వీధిలో చెట్లు కూలి కొన్ని రోజులు కరెంట్ లేదు. అయినా వేసవి మాత్రం నిజంగా వేసవిలాగే ఉంటుంది, జులైలో సముద్రం ఒడ్డున టీషర్ట్‌తో కూర్చోవచ్చు, సెయింట్ జాన్స్‌లో ఆ భాగ్యం కొన్ని వారాలే.

ఉద్యోగం, ఆ తర్వాత పీఆర్ (శాశ్వత నివాసం)

ఇద్దరికీ ఒకటే వర్తించేవి ముందు: చదువుతూ క్యాంపస్ బయట వారానికి 24 గంటలు పని చేయొచ్చు, రెండేళ్లకంటే తక్కువ మాస్టర్స్ అయినా తర్వాత మూడేళ్ల వర్క్ పర్మిట్ అవకాశం ఉంది, భార్యకో భర్తకో ఓపెన్ వర్క్ పర్మిట్ కావాలంటే మాస్టర్స్ కనీసం 16 నెలలదై ఉండాలి. చివరిది చాలామంది చూసుకోరు, కోర్సు నిడివి ఒక్కో యూనివర్సిటీలో ఒక్కోలా ఉంటుంది, పెళ్లయినవాళ్లు ముందు అదే చూడండి. 2024 నుంచి ఈ రూల్స్ ఎన్నిసార్లు మార్చారో, ఇది చదివే రోజుకి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఇంకోసారి సరిచూసుకోవడం మీ పని. కన్సల్టెన్సీవాళ్ల వాట్సాప్ మెసేజ్ ప్రభుత్వ వెబ్‌సైట్ అవ్వదు.

పీఆర్‌కి దారి చూపే అట్లాంటిక్ ఇమిగ్రేషన్ ప్రోగ్రామ్ రెండు ప్రావిన్సులకీ ఉంది. ప్రభుత్వం గుర్తించిన కంపెనీ ఆఫర్ ఇవ్వాలి, అక్కడే రెండేళ్ల చదువు పూర్తి చేసినవాళ్లకి అనుభవం నిబంధన సడలింపు ఉంటుంది. కాగితం మీద ఒకటే స్కీమ్. తేడా ఏంటంటే హాలిఫాక్స్‌లో కంపెనీలు ఎక్కువ, పోటీపడే విద్యార్థులు అంతకన్నా ఎక్కువ. డల్, సెయింట్ మేరీస్, మౌంట్ సెయింట్ విన్సెంట్, కింగ్స్, నాస్కాడ్ ఇన్ని కలిపి ఒక్క ఊళ్లో. సెయింట్ జాన్స్‌లో, ఆ మాటకొస్తే ఆ ప్రావిన్స్ మొత్తంలో, యూనివర్సిటీ ఒక్కటే. అందుకని అక్కడ ఏ ఆఫీసుకి వెళ్లినా ఇంటర్వ్యూ చేసేవాడు కూడా మెమోరియల్ వాడే అయి ఉంటాడు, మీ ప్రొఫెసర్‌కి తెలిసినవాడే అయి ఉంటాడు. చిన్న ఊరి లాభం అది. ఒక్క మనిషితో పేరు చెడితే ఊరంతా తెలియడం నష్టం.

రంగాన్ని బట్టి నా తీర్పు ఇదీ. సముద్రం, ఓడలు, మంచులో నడిచే నౌకలు, ఆఫ్‌షోర్ ఆయిల్, భూగర్భశాస్త్రం, వీటిలో ఏదైనా అయితే సెయింట్ జాన్స్. ఓషన్ అండ్ నేవల్ ఆర్కిటెక్చర్ ఇంజనీరింగ్ అక్కడ ఉంది, పక్కనే జాతీయ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ల ఐస్ ట్యాంక్ ఉంది, హైబర్నియా లాంటి ఆయిల్ క్షేత్రాలు ఆ తీరం అవతలే. ఏయూలో మెరైన్ ఇంజనీరింగ్ చేసినవాళ్లు కళ్లు మూసుకుని దరఖాస్తు పెట్టొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో చెప్పుకోదగ్గ స్థానిక కంపెనీ వెరాఫిన్, నాస్‌డాక్ దాన్ని 275 కోట్ల అమెరికన్ డాలర్లకి కొన్నది, ఆ ఊరి సైజుకి అది చిన్న విషయం కాదు. కానీ ఒక్క కంపెనీని నమ్ముకుని రావద్దు.

ఐటీ, ఇన్సూరెన్స్, బ్యాంకింగ్, ఆస్పత్రులు, పబ్లిక్ హెల్త్ అయితే హాలిఫాక్స్. ఓషనోగ్రఫీకి కూడా డల్ గట్టి చోటు, డార్ట్‌మత్‌లో 1962 నాటి బెడ్‌ఫోర్డ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కాబట్టి సముద్ర శాస్త్రంవాళ్లకి రెండూ తగినవే, ప్రొఫెసర్‌ని చూసి ఎంచుకోండి. ఒక హెచ్చరిక: షిప్‌యార్డులో యుద్ధనౌకలు కడుతున్నారు కదా, మెకానికల్‌వాళ్లకి బోలెడు ఉద్యోగాలు అని ఎవరో ఒకరు చెప్తారు. డిఫెన్స్ పనికి సెక్యూరిటీ క్లియరెన్స్ అడుగుతారు, స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడికి అది గోడ. ఆ లెక్క వేసుకుని రావద్దు.

మనుషులు, తిండి

న్యూఫౌండ్‌ల్యాండ్ 1949 దాకా కెనడాలో భాగమే కాదు. అందుకే వాళ్ల యాస, టైమ్ అన్నీ వేరు. కెనడాలో మిగతా చోట్ల గంట లెక్కన మారే టైమ్ అక్కడ అరగంట తేడాతో ఉంటుంది, మనదీ అరగంట లెక్కే కాబట్టి చలికాలంలో ఇండియాకి సరిగ్గా తొమ్మిది గంటల తేడా, ఎండాకాలంలో ఎనిమిది. అమ్మకి ఫోన్ చేయడానికి వేళ్ల మీద లెక్క సరిపోతుంది. హాలిఫాక్స్ నుంచి చలికాలంలో తొమ్మిదిన్నర, ఎండాకాలంలో ఎనిమిదిన్నర.

యాసకొస్తే మొదటి నెల ఒక్క ముక్క అర్థం కాదు. "వాడాయా ఎట్, బాయ్" అని పలకరిస్తారు, అంటే ఏం చేస్తున్నావని, మన ఉత్తరాంధ్రలో "ఏటి గురూ" అన్నట్టు. కొట్లో బిల్లు వేసే పెద్దావిడ నన్ను "మై లవ్" అన్నప్పుడు వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. అందరినీ అలాగే అంటారు. ఆ ఊళ్లో ఒంటరిగా అనిపించిన రోజులు ఉన్నాయి, పరాయివాడిననిపించిన రోజులు తక్కువ. హాలిఫాక్స్‌లోనూ మనుషులు మంచివాళ్లే, కాకపోతే నగరం కదా, ఎవడి పని వాడిది.

సెయింట్ జాన్స్ చేపల ఊరు కదా, తిండికి లోటుండదనుకుని వచ్చాను. అక్కడ "ఫిష్" అంటే కాడ్ ఒక్కటే. ఆ కాడ్‌ని అతిగా పట్టి పట్టి 1992లో వేట ఆపేయాల్సి వచ్చింది, దాదాపు 30 వేల మంది బతుకుతెరువు ఒక్కసారిగా పోయింది, మళ్లీ 2024లో గానీ నిషేధం ఎత్తలేదు. వంజరం, పండుగప్ప మీద ఆశ పెట్టుకోకండి, ఫ్రీజర్ పెట్టెలో దొరికితే అదృష్టం. కానీ జూన్ చివర, జులైలో కాపెలిన్ అనే చిన్న చేపలు గుడ్లు పెట్టడానికి అలలతోపాటు ఒడ్డుకి వచ్చి పడతాయి, మిడిల్ కోవ్ బీచ్‌లో ఊరంతా బకెట్లు పట్టుకుని నిలబడుతుంది. మన నెత్తళ్ల కంటే పెద్దవి. కారం, పసుపు, బియ్యప్పిండి పట్టించి పెనం మీద వేపితే ఆ రాత్రికి ఏ ఊరు మంచిదన్న చర్చే రాదు.

రోజువారీ సరుకులకి మాత్రం హాలిఫాక్స్ సుఖం. ఇండియన్ షాపులు చాలా ఉన్నాయి, కరివేపాకు, మునక్కాడలు, గోంగూర తిరిగితే దొరుకుతాయి, తెలుగువాళ్లు ఉగాది, దీపావళి చేసుకునేంతమంది ఉన్నారు. సెయింట్ జాన్స్‌లో షాపులు కొన్నే, సరుకు ఓడ మీద రావాలి, గాలికి ఫెర్రీ ఆగితే సూపర్‌మార్కెట్‌లో కూరల అర కూడా ఖాళీ. గుడి రెండు చోట్లా ఉంది.

మిగతా రెండు తీర రాజధానులు

షార్లెట్‌టౌన్ గురించి కూడా అడుగుతారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అనే దీవి ప్రావిన్స్ రాజధాని. ముద్దొచ్చే ఊరు, 39 వేల మంది, యూపీఈఐ ఒక్కటే యూనివర్సిటీ, ప్రధాన భూభాగానికి దాదాపు 13 కిలోమీటర్ల వంతెన. ఒకప్పుడు పీఆర్ తేలిక అని జనం ఎగబడ్డారు. 2024లో ఆ ప్రావిన్స్ సేల్స్, సర్వీస్ ఉద్యోగాలవాళ్లని పీఆర్‌కి సిఫారసు చేసే నామినేషన్లు కోసేసరికి మనవాళ్లు రోడ్డు మీద కూర్చుని నిరాహార దీక్షలు చేశారు. పీఆర్ కోసమే ఊరు ఎంచుకుంటే ఏమవుతుందో అక్కడ చూశాం. యూపీఈఐలో మీకు కావలసిన కోర్సే ఉంటే వెళ్లండి, లేకపోతే వద్దు.

విక్టోరియా పడమటి తీరంలో ఉంటుంది, మంచు అరుదు, పూల మొక్కల ఊరు, యూవిక్‌లో (యూనివర్సిటీ ఆఫ్ విక్టోరియా) కో-ఆప్, అంటే చదువు మధ్యలో జీతంతో చేసే ఉద్యోగ శిక్షణ, గట్టిగా ఉంటుంది. అద్దెలు చూసి కళ్లు తిరుగుతాయి. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది లేకపోతేనో, మంచి ఫండింగ్ ఉంటేనో వెళ్లండి. అట్లాంటిక్ ప్రోగ్రామ్ దానికి వర్తించదని మర్చిపోవద్దు.

నన్నే ఎంచుకోమంటే

థీసిస్, ఫండింగ్, మెయిల్‌కి మర్యాదగా జవాబిచ్చే ప్రొఫెసర్, ఈ మూడూ ఉంటే కళ్లు మూసుకుని సెయింట్ జాన్స్. నేను మళ్లీ అదే చేస్తాను. కోర్స్‌వర్క్, ఎడ్యుకేషన్ లోన్, వెంటనే సంపాదన మొదలెట్టాల్సిన ఒత్తిడి ఉంటే హాలిఫాక్స్, ఫీజు తేడా మీకు బాధ అనిపించినా సరే. ఊరంటే జనం, సందడి, నలుగురు స్నేహితులు అనుకునే మనస్తత్వమైతే, ఫండింగ్ ఉన్నా సరే, ఒకసారి ఆగి ఆలోచించండి. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడి, బయట గాలి ఈల వేస్తుంటే, గదిలో ఒక్కళ్లే కూర్చుని చదువుకోగలరా? మెమోరియల్ భవనాల మధ్య సొరంగ మార్గాలు ఉన్నాయి, బయటికి రాకుండా క్లాసు నుంచి క్లాసుకి వెళ్లిపోవచ్చు, హాయిగానే ఉంటుంది, ఒక్కోసారి మూడు రోజులపాటు ఆకాశం చూడలేదని తర్వాత తెలుస్తుంది.

ఏ ఊరైనా వీలైతే సెప్టెంబర్‌కే రండి. జనవరిలో దిగితే గది వెతుక్కోవడం, మంచు అలవాటు పడటం, క్లాసులు మూడూ ఒకేసారి మీద పడతాయి, పైగా సెయింట్ జాన్స్ విమానాలు పొగమంచుకి, గాలికి దారి మళ్లి ఇంకెక్కడో దిగడం మామూలే, క్లాసులు మొదలయ్యే ముందు రోజుకి టికెట్ కొనొద్దు, రెండు మూడు రోజులు చేతిలో పెట్టుకోండి. టికెట్ కొనేటప్పుడు ఊరి పేరు ఒకటికి రెండుసార్లు చూడండి. పక్క ప్రావిన్స్ న్యూ బ్రన్స్‌విక్‌లో సెయింట్ జాన్ అని చివర "స్" లేని ఊరు ఇంకోటి ఉంది, అది వేరే ఎయిర్‌పోర్టు. మీకు కావలసిన కోడ్ వై వై టీ. వై ఎస్ జే అని కనిపిస్తే ఆ టికెట్ కొనకండి.